నరికి నాటితే సరిపోతుందా?

అడవుల గురించి ఒక వాదం చాన్నాళ్లుగా పెద్దమనిషి హోదాలో తిరుగుతోంది. ముసలి చెట్టు పెరగదు. పెరగని చెట్టు గాలిలోని కర్బనాన్ని తీసుకోదు. కాబట్టి పాత అడవిని నరికి, ఆ కలపతో ఇళ్లు కట్టుకుని, కాగితం చేసుకుని, మిగిలింది బాయిలర్లలో మండించి, ఖాళీ అయిన చోట కొత్త మొక్కలు నాటితే భూగోళానికి మేలే జరుగుతుంది. స్వీడన్, ఫిన్లాండ్ కలప పరిశ్రమలు చెప్పి చెప్పి దీన్ని లోకజ్ఞానంగా మార్చేశాయి. యూరప్ ఇంధన చట్టాల్లో దీనికి చోటు దొరికింది. అడవి పోతేనేం, బదులు మొక్కలు నాటిస్తున్నాం కదా అనే మన ప్రభుత్వాల ధీమాలో కూడా ఈ వాదమే వినిపిస్తుంది.

ఈ వాదంలో ఏ ముక్కకు ఆ ముక్క విడదీసి చూస్తే నిజాలు ఉన్నాయి. కుర్ర అడవి వేగంగా పెరుగుతుంది. స్వీడన్‌లో నరికిన చోట మళ్లీ అడవి పెంచాలని 1903 నుంచే చట్టం ఉంది. గత వందేళ్లలో ఆ దేశపు అడవుల్లో నిలిచి ఉన్న కలప దాదాపు రెట్టింపయింది. వీటిని కాదనక్కర్లేదు. కాదనవలసింది వీటి నుంచి తీసిన తీర్మానాన్ని. ఎందుకంటే ఆ తీర్మానం అడవి అంటే మానులూ కొమ్మలే అనుకుంటుంది. అలాస్కా, కెనడా, స్కాండినేవియా, రష్యాల మీదుగా ఉత్తరార్ధగోళానికి పట్టీ కట్టినట్టుండే బోరియల్ అడవుల విషయంలో ఇంతకంటే పెద్ద పొరపాటు ఇంకోటి ఉండదు.

2011లో ‘సైన్స్’ పత్రికలో ప్రపంచ అడవులన్నిటి కర్బన లెక్క ఒకటి వచ్చింది. దాని ప్రకారం ఉష్ణమండల అడవుల్లో కర్బనంలో 56 శాతం జీవించి ఉన్న చెట్లలో, 32 శాతం నేలలో ఉంది. బోరియల్ అడవుల్లో ఇది తలకిందులవుతుంది: చెట్లలో 20 శాతమే, నేలలో 60 శాతం. అంటే కలప వ్యాపారి కొలిచేది అయిదో వంతును. మిగతాదాంట్లో అధిక భాగం అతని కొలతకే అందదు. అయిదో వంతు పెరిగిందని చూపించి మొత్తం లాభమని చెప్పేవాడి మాట ఏ లెక్కల పరీక్షలోనూ నిలవదు.

ఆ నేల కర్బనం ఎక్కడి నుంచి వచ్చిందన్నది అసలు ప్రశ్న. ఆకులూ సూదులూ రాలి, కుళ్లి, పేరుకుని నేలవుతాయని పాఠ్యపుస్తకాలు చెబుతూ వచ్చాయి. ఉప్సలాలోని స్వీడిష్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పనిచేసే కరీనా క్లెమెన్సెన్ తన సహచరులతో కలిసి 2013లో దీన్ని తిరగేసింది. వాళ్లు పరీక్షకు ఎంచుకున్నది ఉత్తర స్వీడన్‌లోని హోర్నావన్, ఉడ్‌యౌరె సరస్సుల్లోని అడవి దీవులు. ఆ దీవుల్లో ప్రకృతే ఒక ప్రయోగం పెట్టింది. పెద్ద దీవి మీద పిడుగు ఎక్కువసార్లు పడుతుంది, కాబట్టి అది తరచూ తగలబడుతుంది. చిన్న దీవి పిడుగు కంటపడడం అరుదు; కొన్ని చిన్న దీవుల్లో వేల ఏళ్లుగా మంట లేదు. వాతావరణం ఒకటే, కింద రాయి ఒకటే. మారేదల్లా చివరి మంట నుంచి గడిచిన కాలం.

క్లెమెన్సెన్ బృందం నేలను పొరలు పొరలుగా తీసి, ప్రతి పొరలోని కర్బనం వయసు కట్టింది. ఇందుకు పనికొచ్చింది అణుబాంబుల ప్రయోగాలే. 1963 నాటి పాక్షిక నిషేధ ఒప్పందానికి ముందు అమెరికా, సోవియట్ యూనియన్ తదితర దేశాలు ఆరుబయట చేసిన పరీక్షల వల్ల ఉత్తరార్ధగోళపు గాలిలో రేడియో కార్బన్ దాదాపు రెట్టింపయింది. ఆ తర్వాత ప్రతి ఏడూ తగ్గుతూ వచ్చింది. ఏ కర్బనం ఎప్పుడు గాలిలోంచి చెట్టులోకి వెళ్లిందో చెప్పే ముద్ర అది. పైనుంచి రాలిన చెత్త ఒక్కటే మూలమని లెక్క వేస్తే పొరల వయసులూ వాటిలోని కర్బనమూ పొంతన కుదరలేదు. వేళ్ల ద్వారా నేరుగా లోపలికి చేరిన కర్బనాన్ని కూడా కలిపితేనే కుదిరింది. నేలలో నిల్వ ఉన్న కర్బనంలో 50 నుంచి 70 శాతం వేళ్ల నుంచీ, వేళ్లను అంటిపెట్టుకుని బతికే సూక్ష్మజీవుల నుంచీ వచ్చిందేనని తేలింది. ఈ సూక్ష్మజీవుల్లో ముఖ్యమైనవి శిలీంధ్రాలు. స్ప్రూస్, పైన్ చెట్లు ఆకుల్లో చేసుకున్న చక్కెరలో కొంత భాగాన్ని వేళ్ల చివర అల్లుకున్న ఈ శిలీంధ్రాలకు పంపుతాయి. అవి బదులుగా నత్రజనిని అందిస్తాయి. శిలీంధ్ర తంతువులు చచ్చినప్పుడు వాటిలోని కర్బనం నేలలోనే ఉండిపోతుంది. ముసలి దీవుల్లో పొదల వేళ్లను అంటుకుని ఉండే కొన్ని శిలీంధ్రాల తంతువులు ముదురు రంగువి, తొందరగా కుళ్లనివి.

ఇక అసలు విషయానికి వద్దాం. ఏ దీవిలో చెట్లు బాగా పెరుగుతాయి? తరచూ కాలే పెద్ద దీవుల్లో. ఏ దీవి నేలలో కర్బనం ఎక్కువ? చెట్లు గిడసబారి, ఏడాదికి ఇంతో అంతో మాత్రమే పెరిగే చిన్న దీవుల్లో. డేవిడ్ వార్డల్ బృందం 2003లోనే ఇదే దీవుల నుంచి ఒక అంకె ఇచ్చింది: పెద్ద మంట లేకుండా గడిచిన ప్రతి వందేళ్లకూ చదరపు మీటరుకు అదనంగా అర కిలో కర్బనం నేల పైనుండే సేంద్రియ పొరలో (హ్యూమస్‌లో) చేరుతుంది. కారణం కూడా చెప్పింది. అడవి ముదిరేకొద్దీ ఉత్పత్తి తగ్గకముందే కుళ్లడం మందగిస్తుంది. వచ్చేది తగ్గినా, పోయేది అంతకంటే ముందే తగ్గుతుంది. కుర్ర అడవి వాదం వచ్చేదాన్నే చూసి పోయేదాన్ని వదిలేస్తుంది.

వందేళ్లకు అర కిలో అంటే ఏపాటి అని అడగవచ్చు. హెక్టారుకు అయిదు టన్నులు. నిజమే, ఏడాదికి చూసుకుంటే యాభై కిలోలు. కుర్ర తోట పెరుగుదల ముందు అది లెక్కలోకి రాదు. కానీ యాభై శతాబ్దాలు అలా చేరితే 250 టన్నులు. స్వీడన్‌లో నాటిన అడవిని నరికే వయసు సాధారణంగా 60 నుంచి 120 ఏళ్లు. ఇంత పొట్టి గడువులో అంత నిల్వ తిరిగి రావడం అసాధ్యం. ఎక్కువ వడ్డీ వస్తుందని ఆశ చూపి అసలును ఖర్చు పెట్టించే సలహా ఇది. ఏడాది పెరుగుదల వేరు, పోగైన నిల్వ వేరు. గాలిలో కర్బనం ఎంత ఉంటుందన్నది తేల్చేది నిల్వ ఎక్కడ ఉందన్న సంగతే.

దీవులు ప్రత్యేక సందర్భమని తోసిపుచ్చే వాళ్లున్నారు. అది ప్రత్యేకమే, అందుకే మిగతా విషయాలు కలిసిపోకుండా కాలం ఒక్కదాని ప్రభావం అక్కడ కనిపించింది. శిలీంధ్రాలన్నీ కర్బనం దాచవు కదా అన్నది ఇంకో అభ్యంతరం. దాచవు. బ్యోర్న్ లిండాల్, క్లెమెన్సెన్ తదితరులే 2021లో చూపించారు: కార్టినేరియస్ జాతి శిలీంధ్రాల్లో ఒక గుంపు ఉన్నచోట నేల పైపొరలో కర్బనం మూడో వంతు తక్కువగా ఉంటుంది. ఇది నా వాదానికి దెబ్బ కాదు. నేలలో ఏ జీవి ఉందన్న దాన్ని బట్టి నిల్వ పెరగడమో తరగడమో జరుగుతుందంటే, ఆ జీవులన్నిటికీ తిండి పెట్టే చెట్లను ఒకేసారి నరికేసే క్లియర్ ఫెల్లింగ్ పద్ధతిని కర్బనం మీద ప్రభావం లేనిదని ఎలా అనగలం? చెట్టు పోయిన రోజే వేరును నమ్ముకున్న శిలీంధ్రానికి చక్కెర ఆగిపోతుంది. వేళ్లూ కొమ్మలూ కుళ్లుతుంటాయి, తీసుకునే ఆకు లేదు. నరికిన నేల సాధారణంగా పదేళ్లో, అంతకు మించో గాలిలోకి కర్బనాన్ని వదులుతూనే ఉంటుంది. నాటిన మొక్క మొదట తీర్చవలసింది ఈ బాకీ.

పాత అడవి తటస్థమన్న నమ్మకానికి పెద్ద దన్ను 1969లో యూజీన్ ఓడమ్ రాసిన వ్యాసం. పరిణతి చెందిన ఆవరణ వ్యవస్థలో రాబడీ పోకడా సమానమవుతాయని ఆయన ప్రతిపాదించారు. అది ప్రతిపాదన, తర్వాతి తరాలు దాన్ని కొలిచి చూడకుండానే సూత్రం చేసుకున్నాయి. 2008లో సెబాస్టియాన్ లూయిసార్ట్ బృందం ‘నేచర్’లో 519 అడవి స్థలాల సమాచారం కూర్చి, 15 నుంచి 800 ఏళ్ల వయసున్న అడవులు ఎక్కువగా కర్బనాన్ని తీసుకుంటూనే ఉన్నాయని చెప్పింది. ముసలి అడవులకు హెక్టారుకు ఏడాదికి సగటున 2.4 టన్నులని అంకె ఇచ్చింది. 2021లో అదే పత్రికలో ఇంకొక బృందం ఆ అంకె మరీ ఎక్కువని, అంత కర్బనాన్ని నిల్వ చేయడానికి కావలసిన నత్రజని ఆ అడవులకు అందదని అభ్యంతరం చెప్పింది. ఆ అభ్యంతరంలో బలం ఉందని ఒప్పుకోవడానికి ఇబ్బందేమీ లేదు. పరిశ్రమ పక్షం వాళ్లు దీన్ని గెలుపుగా చాటుకుంటే మాత్రం తర్కం తప్పినట్టే. ముసలి అడవి ఏటా 2.4 టన్నులు తీసుకోకపోవచ్చు, దానిలో పదో వంతే తీసుకోవచ్చు, అసలేమీ తీసుకోకపోవచ్చు. అప్పటికీ అది పోగేసుకున్న నిల్వ అక్కడే ఉంటుంది. దాన్ని కదిలించాలని చెప్పేవాడే కదిలిస్తే లాభమని రుజువు చేయాలి.

ఆ రుజువు కోసం వాళ్లు కలప వస్తువుల్ని చూపిస్తారు. చెట్టు పోయినా కర్బనం పోలేదు, దూలంలో ఉంది, తలుపులో ఉంది అంటారు. దూలంలో ఉన్నంతవరకు నిజమే. కానీ నార్డిక్ దేశాల్లో నరికిన చెట్టులో పెద్ద భాగం దూలం కాదు. గుజ్జవుతుంది, కాగితమవుతుంది, అట్టపెట్టె అవుతుంది, లేదా నేరుగా మంటల్లోకి వెళ్తుంది. అట్టపెట్టె ఎన్నాళ్లు బతుకుతుందో అందరికీ తెలుసు. ఇక మండించిన దాని సంగతి: యూరప్ యూనియన్ పునరుత్పాదక ఇంధన ఆదేశం కట్టెల నుంచి పొగగొట్టం దగ్గర వెలువడే కర్బనాన్ని సున్నాగా లెక్కిస్తుంది. నరికినప్పుడు భూమి ఖాతాలో ఒకసారి చూపిస్తాం కాబట్టి మండించినప్పుడు మళ్లీ చూపిస్తే రెండుసార్లు లెక్కించినట్టవుతుందన్నది దీనికి చెప్పే సంజాయిషీ. ఖాతా పుస్తకంలో ఇది చెల్లుతుంది. కానీ విద్యుత్ కేంద్రం దగ్గర సున్నా చూసి రాయితీలిచ్చే ప్రభుత్వం భూమి ఖాతా వైపు తల తిప్పదు. 2018 జనవరిలో దాదాపు 800 మంది శాస్త్రవేత్తలు యూరప్ పార్లమెంటుకు లేఖ రాసి, ఉన్న అడవుల్ని ఇంధనం కోసం నరకడాన్ని ఈ ముసుగులో ప్రోత్సహించవద్దని అడిగారు. పార్లమెంటు వాళ్ల మాట చెవిన పెట్టలేదు.

నరకకపోతే ఎలాగూ కాలిపోతుంది కదా అన్నది పరిశ్రమ పక్షం వాళ్ల ఆఖరి అస్త్రం. 2023 తర్వాత దీనికి పదును పెరిగింది. ఆ ఏడాది మే నుంచి సెప్టెంబరు దాకా కెనడా అడవి మంటలు గాలిలోకి వదిలిన కర్బనం సుమారు 64.7 కోట్ల టన్నులని ఉపగ్రహ కొలతల ఆధారంగా బ్రెండన్ బైర్న్ బృందం లెక్క కట్టింది. శిలాజ ఇంధనాల వల్ల ఏడాదికి అంతకంటే ఎక్కువ కర్బనం వదిలే దేశాలు మూడే: చైనా, అమెరికా, భారత్. ఇంత మంట చూశాక ముందే నరికి వాడుకుందామనిపించడం సహజం. కానీ ఉత్తర అమెరికా బోరియల్ అడవి కాలినప్పుడు వెలువడే కర్బనంలో అధిక భాగం మానుల నుంచి రాదు, నేల పైనున్న సేంద్రియ పొర నుంచి వస్తుంది. మానుల్ని ముందే తీసుకెళ్లినందువల్ల ఆ పొర మంటకు దొరక్కుండా పోదు.

వయసు సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. కెనడా వాయవ్య భూభాగంలో 2014 నాటి మంటల తర్వాత జాంథీ వాకర్ బృందం కాలిన అడవుల్ని పరిశీలించింది. వెనకటి మంటల నుంచి తప్పించుకుని నేల అడుగున మిగిలిపోయిన పాత కర్బనం ఈసారి కాలిందా లేదా అన్నది వాళ్ల ప్రశ్న. పాత అడవుల్లో మందమైన పై పొర కాలింది గానీ అడుగున ఉన్న పాత నిల్వ భద్రంగా ఉంది. 60 ఏళ్ల లోపు కుర్ర అడవుల్లో దాదాపు సగం చోట్ల అది కూడా కాలిపోయింది. అవి నరికివేత వల్ల కాదు, అంతకు ముందరి మంట వల్ల కుర్రవైన అడవులు. ఆ తేడా గుర్తుంచుకోవాలి. కానీ పై పొర మళ్లీ దళసరి కట్టడానికి వ్యవధి ఇవ్వకపోతే మంట అడుగు నిల్వ దాకా దిగుతుందన్న సంగతి కారణం ఏదైనా మారదు. దేశాన్నంతా కుర్ర అడవిగా మార్చుకోవాలన్న వ్యూహం ఈ ప్రమాదాన్ని చేజేతులా కొనితెచ్చుకుంటుంది.

ఇంకో పరిశోధనను పరిశ్రమ వాళ్లు తమ పక్షాన నిలబెట్టవచ్చు. 2004లో అలాస్కాలో కాలిన బ్లాక్ స్ప్రూస్ అడవుల్లో చాలాచోట్ల స్ప్రూస్‌కు బదులు బర్చ్, ఆస్పెన్ మొలిచాయి. నూరేళ్ల కాలానికి లెక్క వేస్తే ఆ ఆకురాల్చే అడవుల్లో నికర నిల్వ అయిదు రెట్లని మిషెల్ మాక్ బృందం 2021లో చెప్పింది. ఆ ఫలితాన్ని కాదనను. వేగంగా పెరిగే చెట్టు గెలిచిన సందర్భం అది. కానీ ఆ గెలుపు ఎక్కడ నిల్వ అయింది? నిలబడి ఉన్న మానుల్లో. ఆ మానుల్ని నరికిన రోజున అయిదు రెట్ల లెక్క కుప్పకూలుతుంది. కాబట్టి మాక్ ఫలితం చెట్లను నిలబడనివ్వమనే చెబుతుంది. నరకడానికి అందులో అనుమతి లేదు.

ఇన్ని వాస్తవాలున్నా పాత వాదం ఎలా నెగ్గుకొస్తోంది? లెక్కలు రాసే పద్ధతి దానికి అనుకూలంగా ఉండడం వల్ల. కెనడా తన జాతీయ నివేదికలో, నిర్వహణలో ఉన్న అడవిలో మంటల వల్ల, పురుగుల వల్ల పోయిన కర్బనాన్ని ప్రకృతి ఖాతాలో పక్కన పెడుతుంది. అదే అడవి మళ్లీ పెరిగి నరకదగ్గ వయసుకు వచ్చాక తీసుకునే కర్బనాన్ని మాత్రం మనుషుల ఖాతాలో జమ వేస్తుంది. నష్టం ప్రకృతిది, లాభం మనది. వెర్నర్ కుర్జ్ అనే కెనడా అటవీ శాఖ శాస్త్రవేత్త 2008లోనే హెచ్చరించారు: బ్రిటిష్ కొలంబియాలో పైన్ బీటిల్ పురుగు దాడి వల్ల 2000 నుంచి 2020 మధ్య 27 కోట్ల టన్నుల కర్బనం మేరకు తేడా వస్తుందని. అప్పటికే ఆ అడవి గాలికి కర్బనం ఇచ్చే స్థితిలోకి మళ్లుతోంది. ఫిన్లాండ్ అయితే 2035 నాటికి కర్బన తటస్థత సాధిస్తామని చట్టమే చేసుకుంది. అడవులు మిగతా ఉద్గారాలను పీల్చేస్తాయన్న భరోసాతో. ఇటీవలి లెక్కల్లో ఆ దేశపు భూ వినియోగ రంగం మొత్తంగా కర్బనం వదిలే వైపుకు జారింది. నరికివేత పెరగడం, చెట్ల పెరుగుదల తగ్గడం, నేలల నుంచి, ముఖ్యంగా నీరు తోడేసిన పీట్ నేలల నుంచి వచ్చే వాయువులు పెరగడం కారణాలని అక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థే చెబుతోంది. నరికి నాటే పద్ధతిలో ఆరితేరిన దేశానికే ఈ గతి పట్టింది.

మనకు బోరియల్ అడవులు లేవు. మన అడవులు వేరు, మన నేలలు వేరు. స్వీడన్ దీవుల అంకెల్ని తెచ్చి నల్లమలకు అతికించడం తప్పు. అయినా ఈ చర్చ మనకు పరాయిది కాదు. 2030 నాటికి అడవుల ద్వారా అదనంగా 250 నుంచి 300 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన నిల్వ కల్పిస్తామని భారత్ పారిస్ ఒప్పందం కింద మాటిచ్చింది. ఆ మాట నిలబెట్టుకునే దారిగా మనం ఎంచుకున్నది నాటడం. తెలంగాణ 2015లో మొదలుపెట్టిన హరితహారం లక్ష్యాన్ని చెప్పింది మొక్కల సంఖ్యతోనే: 230 కోట్లు. గనికో ఆనకట్టకో అడవిని ఇచ్చేసి, బదులు వేరేచోట మొక్కలు నాటే నిధి కోసం 2016లో చట్టమే వచ్చింది. కానీ భారత అటవీ సర్వే 2021 నివేదిక చూడండి: దేశపు అడవుల్లో ఉన్న మొత్తం కర్బనం 720 కోట్ల టన్నులయితే, అందులో సగానికి మించి, దాదాపు 401 కోట్ల టన్నులు, నేలలోనే ఉంది. మన సొంత ప్రభుత్వ నివేదిక ఇది. అడవిని తవ్వి పక్క జిల్లాలో టేకు మొక్కలు నాటినప్పుడు ఆ నేల కూడా పక్క జిల్లాకు వెళ్తుందా?

చేయవలసింది అంత సంక్లిష్టం కాదు. బోరియల్ ప్రాంతంలో ఇప్పటిదాకా ఒకేసారి నరకని పాత అడవుల జోలికి వెళ్లకూడదు. అవి తక్కువే మిగిలాయి. ఏ దేశం తన అడవుల్ని కర్బన తొట్టిగా చూపినా నేల లెక్క కూడా చూపాలి, మంటల నష్టాన్ని దాచి పెరుగుదలను మాత్రం ప్రదర్శించడం ఆపాలి. పొగగొట్టం దగ్గరి సున్నాను రద్దు చేయాలి. నరికిన అడవికి నాటిన తోట సమానమని చెప్పేవాడు ఎన్నేళ్లకు సమానమవుతుందో, నేలతో కలిపి, రాతపూర్వకంగా చెప్పాలి.

ఇదంతా చేసినా చెట్లు నరకక తప్పదు. కాగితం కావాలి, కలప కావాలి, ఉత్తరాది ఊళ్లకు ఉపాధి కావాలి. నరికి నాటడం ఒక వ్యవసాయం. దాన్ని ఆ పేరుతో, ఆ హద్దుల్లో చేసుకుంటే ఎవరికీ పేచీ ఉండదు. వాతావరణ సేవ అని తగిలించుకున్న బోర్డును మాత్రం పీకెయ్యాలి.